ఎర్ర పది రూపాయల నోటు, 270 రూపాయల దినారు

ప్రశ్న అడిగిన తమ్ముడు కువైట్‌కు వెళ్లి ఏడాదిన్నర అయిందట. 2024లో ఆయన రాసింది క్లుప్తంగా ఇది: "దినారుకు ఇప్పుడు 270 రూపాయలు. అంటే కువైట్ మనకంటే 270 రెట్లు గొప్పదా? 1947లో డాలరుకు ఒక్క రూపాయేనని వాట్సాప్‌లో చదివాను, నిజమా? మా జేజినాయన చిన్నప్పుడు బొంబాయి ఓడల్లో వంటపని చేసేవాడు. కువైట్‌లో మన రూపాయే నడిచేదని చెప్పేవాడు. ఆయన పెట్టెలో ఒక ఎర్ర పది రూపాయల నోటు దొరికింది, నంబరు ముందు జెడ్ అక్షరం ఉంది. అది దొంగ నోటా? చివరిగా, నా దగ్గర ఆరు నెలల పొదుపు ఉంది. ఇప్పుడే పంపనా, ఇంకా పెరిగేదాకా ఆగనా?"

తమ్ముడూ, నేను కువైట్ సిటీలో, మాలియా బస్సులు ఆగే చోటికి దగ్గర్లో, ఒక ఎక్స్ఛేంజి కౌంటర్ వెనక ఇరవై ఏళ్లకు పైగా కూర్చున్నాను. ఇప్పుడు రాజంపేటలో ఉంటున్నాను. నేను చదువుకున్నది ఎకనామిక్స్ డిగ్రీ దాకానే. మిగతాది అద్దానికి అవతల నిలబడినవాళ్లు అడిగిన ప్రశ్నలకు జవాబు వెతుక్కుంటూ నేర్చుకున్నది. నువ్వు అడిగినవి వేరువేరు ప్రశ్నల్లా కనిపిస్తాయి కానీ అన్నీ ఒకే తాడుకు కట్టి ఉన్నాయి. ఆ తాడు ఒక కొస మీ జేజినాయన పెట్టెలోనే ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఆ నోటు దొంగది కాదు. మీ జేజినాయన చెప్పిందీ అబద్ధం కాదు.

చమురు రాకముందు కువైట్ బతుకు ముత్యాల మీద, ఓడల మీద. బస్రా నుంచి ఖర్జూరం ఎత్తుకుని పెద్ద తెరచాప ఓడలు బొంబాయికి, కాలికట్‌కు వచ్చేవి. పోయేటప్పుడు టేకు, బియ్యం, మసాలాలు, బట్ట తీసుకుపోయేవి. ముత్యాలకు పెద్ద బజారు బొంబాయే. సరుకు కొనేది ఇక్కడ, అమ్మేది ఇక్కడ అయినప్పుడు వేరే డబ్బు ఎందుకు? పైగా గల్ఫ్ తీరమంతా బ్రిటిష్ వాళ్ల నీడలో ఉండేది, ఆ వ్యవహారాలు చాలాకాలం భారత ప్రభుత్వం చేతుల మీదుగానే జరిగేవి. అందుకే కువైట్, బహ్రెయిన్, ఖతార్, దుబాయ్, ఒమాన్ అన్నిచోట్లా రూపాయే చలామణి. తపాలా బిళ్లలు కూడా మనవే, వాటి మీద కువైట్ అని అచ్చుగుద్ది అమ్మేవాళ్లు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా రూపాయి చలామణి ఆగలేదు. రిజర్వ్ బ్యాంకు అచ్చేసిన నోటే అక్కడి అంగళ్లలో చిల్లర.

గొడవ బంగారం దగ్గర వచ్చింది. స్వతంత్ర భారతం బంగారం దిగుమతిని కట్టడి చేసింది. దాంతో ఇక్కడ ధర బయటి ధర కంటే బాగా ఎక్కువ. దుబాయ్ నుంచి పడవలో బంగారం బొంబాయి తీరానికి చేరేది, బదులుగా రూపాయల కట్టలు పడవలో తిరిగి వెళ్లేవి. ఆ కట్టలు అక్కడి బ్యాంకులో పడేవి. బ్యాంకు వాటిని రిజర్వ్ బ్యాంకుకు పంపి, "ఇవి మీ నోట్లే కదా, పౌండ్లు ఇవ్వండి" అనేది. మాట ప్రకారం ఇవ్వాలి. ఆ పౌండ్లతో మళ్లీ లండన్‌లో బంగారం కొనేవాళ్లు, అది మళ్లీ పడవ ఎక్కేది. అంటే మన ఇంట్లోకి దొంగతనంగా వచ్చే సరుకుకు మన బీరువాలోంచే, మన చేత్తోనే పైకం కడుతున్నట్టు. రెండో పంచవర్ష ప్రణాళికకు విదేశీ మారకం కటకటలాడుతున్న రోజులవి.

దానికి 1959లో రిజర్వ్ బ్యాంకు చట్టాన్ని సవరించి ఒక ఉపాయం చేశారు. గల్ఫ్‌లో మాత్రమే చెల్లే ప్రత్యేక రూపాయి నోట్లు అచ్చేశారు. విలువలో తేడా లేదు, ఇక్కడి రూపాయికి సమానమే. కానీ రంగు వేరు, నంబరు ముందు జెడ్ అక్షరం. పది రూపాయల నోటు ఎర్రగా, వంద రూపాయల నోటు ఆకుపచ్చగా ఉంటుంది. గడువులోగా పాత నోట్లు ఇచ్చి ఇవి తీసుకోమన్నారు. ఆ తర్వాత బొంబాయి నుంచి పడవలో వచ్చిన మామూలు నోటుకు అక్కడ పౌండ్లు రావు. మీ జేజినాయన దగ్గరున్నది అదే, గల్ఫ్ రూపాయి. హెచ్.వి.ఆర్. అయ్యంగార్ గారి సంతకం ఉందేమో చూడు, అప్పటి గవర్నర్ ఆయనే. అదే ఏడు హజ్ యాత్రికుల కోసం హెచ్ఏ అక్షరాలతో ఇంకో రకం నోట్లు కూడా వేశారు, అవి ఇంకా అరుదు.

గల్ఫ్ రూపాయి కువైట్‌లో రెండేళ్లు కూడా నిలవలేదు. 1961 ఏప్రిల్ 1న కువైట్ సొంత దినారు వచ్చింది. జూన్ 19న దేశం స్వతంత్రమైంది. అంటే జెండా కంటే ముందు నోటు ఎగిరింది. పావు, అర, ఒకటి, అయిదు, పది దినార్ల నోట్లు, వాటి మీద అప్పటి అమీర్ అబ్దుల్లా అల్ సలీం బొమ్మ. పాత రూపాయలు ఇచ్చినవాళ్లకు ఒక లెక్క ప్రకారం దినార్లు ఇచ్చారు: పదమూడు రూపాయల అయిదణాల నాలుగు పైలకు ఒక దినారు. అంటే 13⅓ రూపాయలు.

ఈ వంకర సంఖ్య ఎక్కడిదో తెలిస్తే నీ మొదటి ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

దినారును వాళ్లు ఒక బ్రిటిష్ పౌండుకు సమానంగా పెట్టుకున్నారు, అంతే. ఇక రూపాయి సంగతి. 1927లో బ్రిటిష్ వాళ్లు రూపాయిని ఒక షిల్లింగు ఆరు పెన్సులకు కట్టేశారు. అది ఎక్కువ రేటని, మన ఎగుమతులు దెబ్బతింటాయని, ఒక షిల్లింగు నాలుగు పెన్సులు చాలని మనవాళ్లు పెద్ద పోరాటమే చేశారు. వినలేదు. అప్పట్లో పౌండుకు 240 పెన్సులు, షిల్లింగుకు 12. ఒక షిల్లింగు ఆరు పెన్సులంటే 18 పెన్సులు. 240ని 18తో భాగించు, 13⅓ వస్తుంది. దినారు అంటే పౌండు కాబట్టి దినారుకూ 13⅓. దినారుకు వెయ్యి ఫిల్సులు, కాబట్టి అటు నుంచి చూస్తే రూపాయికి సరిగ్గా 75 ఫిల్సులు.

ఇందులో కువైట్ గొప్పతనం ఏదైనా ఉందా? లేదు. పెద్ద గిన్నెతో కొలవాలనుకున్నారు, పెద్ద గిన్నె తెచ్చుకున్నారు. పక్కనే బహ్రెయిన్ 1965లో తన దినారు తెచ్చుకుంటూ, లెక్క సులువుగా ఉంటుందని పది రూపాయలకు ఒక దినారు అంది. నూరు ఫిల్సులను బహ్రెయిన్‌లో ఇప్పటికీ "రుబియా" అంటారు, మన రూపాయే అది. ఖతార్, దుబాయ్ వాళ్లు 1966లో రియాల్ తెచ్చుకున్నప్పుడు పాత రూపాయికి ఒక రియాల్ అన్నారు. అదే సముద్రం, అదే చమురు, అదే పాత రూపాయి. మూడు చోట్ల మూడు గిన్నెలు. 2024లో దుబాయ్ దిర్హం ఇరవై మూడు రూపాయల దగ్గర ఉండేది, కువైట్ దినారు 270 దగ్గర ఉండేది. దుబాయ్ కంటే కువైట్ పన్నెండు రెట్లు గొప్పదని దుబాయ్‌లో ఉన్న మనవాడి ముందు అని చూడు, ఏమంటాడో. "ప్రపంచంలో నంబర్ వన్ కరెన్సీ" అని యూట్యూబ్‌లో థంబ్‌నెయిల్ పెట్టేవాళ్లకు జపాన్ యెన్ గురించి చెప్పాలి. యెన్ మన రూపాయి కంటే చిన్నది. జపాన్ మనకంటే బీద దేశమా?

మన ఇంట్లోనే ఇలాంటిది జరిగింది. నిజాం రాజ్యంలో హాలి సిక్కా అని సొంత రూపాయి ఉండేది, బ్రిటిష్ రూపాయిని కల్దార్ అనేవాళ్లు. నూరు కల్దార్‌కు హాలి నూట పదహారు రూపాయల పదణాల ఎనిమిది పైలు, అంటే ఆరుకు ఏడు. హైదరాబాద్ నుంచి బెజవాడకు వచ్చిన మనిషి స్టేషన్ దాటగానే మారకం చూసుకోవాల్సిందే. మనం చదివించే నూటపదహార్లు ఆ లెక్కలోంచే పుట్టిందని ఒక కథ తిరుగుతుంటుంది. నేను నమ్మను. పైన పదణాలు, ఎనిమిది పైలు ఏ పెళ్లిలోనూ ఎవరూ చదివించలేదు.

సరే, గిన్నె సంగతి అయింది. 13⅓ అనేది పుట్టుకతో వచ్చిన సంఖ్య. కానీ అక్కడి నుంచి 270 దాకా ఎదగడం పుట్టుకతో రాలేదు. అది మన వైపు జరిగిన కథ, దాన్ని దాచిపెట్టి లాభం లేదు.

1966 జూన్ 6. అంతకు ముందు రెండు యుద్ధాలు, 1962లో చైనాతో, 1965లో పాకిస్తాన్‌తో. వానలు లేవు, ధాన్యం ఓడల మీద రావాలి, ఇచ్చే అప్పులు ఆపేశారు. ఇందిరా గాంధీ ప్రధాని అయి ఆరు నెలలు కూడా కాలేదు. ఒక్క రాత్రిలో డాలరుకు 4.76 రూపాయలు ఉన్నది 7.50 చేశారు. పౌండు 13⅓ నుంచి 21 రూపాయలకు, దినారు కూడా దాంతోపాటే 21కి. ఆదివారం పడుకున్నప్పుడు నూరు దినార్లకు 1,333 రూపాయలు, సోమవారం లేచేసరికి 2,100.

కువైట్‌కు అప్పటికే సొంత నోటు ఉంది కాబట్టి దానికి ఏమీ కాలేదు. ఇబ్బంది పడింది ఇంకా గల్ఫ్ రూపాయి వాడుతున్న దుబాయ్, ఖతార్‌లు. ఎక్కడో ఢిల్లీలో తీసుకున్న నిర్ణయానికి తమ జేబు ఎందుకు చిరగాలి? వాళ్లు రూపాయిని వదిలేశారు. కొన్నాళ్లు సౌదీ రియాల్ వాడుకుని, ఆ ఏడు సెప్టెంబరులో ఖతార్–దుబాయ్ రియాల్ తెచ్చుకున్నారు. ఒమాన్ ఒక్కటే 1970 దాకా మన రూపాయితో ఉంది.

ఇక్కడ ఒక సంగతి చెబుతాను. ఇది నాకు కౌంటర్‌లో చేరిన పదేళ్లకు గానీ తట్టలేదు. ఆ ఖతార్–దుబాయ్ రియాల్ విలువ ఎంత పెట్టారు? 1966కి ముందున్న, తగ్గని రూపాయి విలువ. 1973లో ఎమిరేట్స్ దిర్హం వచ్చినప్పుడు దాన్ని ఆ రియాల్‌కే సమానంగా పెట్టారు. అంటే దుబాయ్ దిర్హం అనేది మన పాత రూపాయే. తల్లి ఇంటి నుంచి వెళ్లిపోయి, అక్కడ చెక్కు చెదరకుండా మిగిలిన మన రూపాయి. దినారుకు ఆ పాత రూపాయలు అప్పుడు 13⅓ వచ్చేవి, ఇప్పుడు దిర్హాలు సుమారు 12 వస్తాయి. అరవై ఏళ్లలో ఆ రెండింటి మధ్య పెద్ద మార్పేమీ లేదు. మారిందంతా అక్కడ మిగిలిన రూపాయికీ ఇక్కడ ఉన్న రూపాయికీ మధ్యే. ఒకప్పుడు ఒకటికి ఒకటి, 2024 నాటికి ఒకటికి దాదాపు ఇరవై మూడు.

కాబట్టి 270 అనే అంకె నీకు కనిపించినప్పుడు దాన్ని పన్నెండు ఇంటు ఇరవై రెండున్నర అని విడగొట్టుకో. పన్నెండు గిన్నె సైజు, దానికి ఎవరూ సిగ్గుపడక్కర్లేదు. ఇరవై రెండున్నర మనం ఇన్నేళ్లలో పోగొట్టుకున్నది.

నీ వాట్సాప్ సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. 1947లో డాలరుకు ఒక రూపాయి అన్నది పచ్చి అబద్ధం, ఏటా ఆగస్టు 15న తిరిగి వస్తుంది. అప్పుడు రూపాయి పౌండుకు కట్టి ఉంది, పౌండుకు 13⅓. పౌండు విలువ 4.03 డాలర్లు. 13.33ను 4.03తో భాగిస్తే 3.31. డాలరుకు మూడు రూపాయల చిల్లర, అదీ లెక్క. 1949లో పౌండు విలువ 2.80 డాలర్లకు తగ్గించినప్పుడు మనమూ దాంతోపాటే తగ్గాం, 4.76 అయింది. ఇందులో పరిశోధన ఏమీ అక్కర్లేదు, ఒక భాగహారం చాలు.

ఇక 1990. నేను కువైట్‌కు వెళ్లింది ఆ తర్వాతే కానీ మా మేనమామ ఆ ఆగస్టు 2న ఫర్వానియాలో ఉన్నాడు. ఇరాక్ సైన్యం వచ్చిందని రేడియోలో విని, తలుపు వేసుకుని, పెట్టెలో ఉన్న దినార్లు లెక్కపెట్టుకున్నాడట, నాలుగు వందల చిల్లర. కొద్ది వారాల్లో కువైట్ దినారు ఇక ఇరాకీ దినారుతో సమానమన్నారు, తర్వాత అసలు చెల్లదన్నారు. బజారులో ఇరాకీ దినారు విలువ ఎంత తక్కువో అందరికీ తెలుసు. బస్సులో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దుకు చేరేసరికి ఆ నోట్లు ఇచ్చి ఒక రొట్టె, ఒక నీళ్ల సీసా కొనడానికి బతిమాలాల్సి వచ్చిందట. అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానంలో బొంబాయి వచ్చాడు. ఆ రెండు నెలల్లో మనవాళ్లను లక్షా డెబ్బై వేల మందికి పైగా అలాగే తెచ్చారు. మామ రాజంపేట రైల్వే స్టేషన్‌లో దిగినప్పుడు చేతిలో ఉన్నది ఒక సంచి, అందులో ఎవరూ తీసుకోని రెండు వందల దినార్లు.

విచిత్రం ఏమిటంటే ఆ దినారు బతికింది. 1991 ఫిబ్రవరిలో కువైట్ విడుదలైంది, మార్చిలో కొత్త రంగుల్లో నోట్లు వచ్చాయి. ఇరాకీలు బ్యాంకులోంచి ఎత్తుకుపోయిన వరస నంబర్ల నోట్లు చెల్లవన్నారు, మిగతావి ఒకటికి ఒకటి మార్చి ఇచ్చారు. విలువ ఇంచుమించు పాతదే. నూనె బావులు ఇంకా తగలబడుతున్నాయి, ఊరంతా మసి, అయినా నోటు విలువ తగ్గలేదు. కారణం సొమ్ము కువైట్‌లో లేకపోవడమే. 1953 నుంచే వాళ్లు చమురు డబ్బులో మిగులును లండన్‌లో పెట్టుబడి పెట్టుకుంటూ వచ్చారు. శత్రువు ఇల్లు ఆక్రమించుకున్నాడు కానీ బ్యాంకు పుస్తకం వాడికి దొరకలేదు.

అదే యుద్ధం, ఒక్క తూటా తగలని మన రూపాయిని పడగొట్టింది. చమురు ధర పెరిగింది, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు ఆగింది, విదేశాల్లో ఉన్నవాళ్లు డిపాజిట్లు వెనక్కి తీసుకున్నారు. రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా విదేశీ మారకం మిగిలింది. బంగారం విమానంలో విదేశాలకు పంపి తాకట్టు పెట్టారు, ఒక్క జులైలోనే నలభై ఏడు టన్నులు. పి.వి. నరసింహారావు గారు ప్రధాని అయిన పది రోజులకే, జులై 1న ఒకసారి, 3న ఇంకోసారి రూపాయి విలువ తగ్గించారు. మన ఇళ్లల్లో గొలుసు తాకట్టు పెడితే పక్కింటికి తెలియకూడదనుకుంటాం. అప్పుడు దేశానిదీ అదే పరిస్థితి, అయినా పేపర్లో వచ్చేసింది. మా మామ గొణిగేవాడు: "కాలిపోయిన దేశం నోటు నిలబడింది, ముట్టుకోని దేశం నోటు పడిపోయింది." యుద్ధానికి ముందు దినారు సుమారు 60 రూపాయలు, ఆ జులై తర్వాత 90 దగ్గర. ఆయన దాచిన రెండు వందల్లో కొన్ని నోట్లు మారాయి, కొన్ని ఆ చెల్లని నంబర్లలో పోయాయి.

1993 నుంచి రూపాయికి సర్కారు రేటు లేదు, బజారు రేటే. అప్పటికి దినారు నూరు దాటింది. తర్వాతిదంతా నా కళ్ల ముందే జరిగింది, కానీ చెప్పుకోదగ్గవి రెండే.

ఒకటి 2007. అందరూ రూపాయి ఎప్పుడూ పడుతూనే ఉంటుందనుకుంటారు. ఆ ఏడు డాలర్లు వరదలా మన దేశంలోకి వచ్చాయి, రూపాయి డాలరుకు 39 దాకా బలపడింది. అదే ఏడు మే నెలలో కువైట్ కూడా డాలరుకు కట్టిన ముడి విప్పేసి, తిరిగి కొన్ని కరెన్సీల బుట్టకు దినారును కట్టుకుంది. డాలరు పడిపోతుంటే దాంతోపాటు దినారు కూడా పడి, దిగుమతి సరుకుల ధరలు పెరుగుతున్నాయని. అంత చేసినా మా బోర్డు మీద రేటు 150 పైనుంచి 140 దగ్గరికి దిగింది. అప్పుడు రిజర్వ్ బ్యాంకు గవర్నర్ వై.వి. రెడ్డి గారు, మా ఉమ్మడి కడప జిల్లా మనిషే. శుక్రవారం వచ్చిన కుర్రాళ్లు "అన్నా, మన జిల్లాయనే కదా, ఒక ఫోన్ కొట్టరాదా" అని నవ్వేవాళ్లు.

రెండోది 2013 ఆగస్టు. అమెరికా తన డబ్బు పంపిణీ తగ్గిస్తుందన్న ఒక్క మాటకే డాలరు 68 దాటింది, దినారు 240 అయింది. అప్పుడు గవర్నర్ దువ్వూరి సుబ్బారావు గారు, ఏలూరు మనిషి. కౌంటర్ ముందు క్యూ రోడ్డు మీదికి వెళ్లింది. ఆ క్యూలో లేని ఒకతని సంగతి చెబితే నీ చివరి ప్రశ్నకు జవాబు వస్తుంది.

రాయచోటి నుంచి వచ్చిన డ్రైవర్. ఆరు వందల దినార్లు దాచుకున్నాడు. "240 వచ్చింది కదా, పంపు" అంటే "250 అవుతుందంట అన్నా, మా రూమ్‌లో అందరూ అంటున్నారు" అన్నాడు. రెండు వారాలు ఆగాడు. 225 అయింది. కోపం వచ్చి ఇంకో నెల ఆగాడు. చివరికి 220 దగ్గర పంపాడు. 1,44,000 రావాల్సింది 1,32,000 వచ్చింది. పన్నెండు వేలు అక్కడ పోయాయి. ఇంటి దగ్గర అప్పు నూటికి రెండు రూపాయల వడ్డీ మీద ఉంది, ఆ నెలన్నర వడ్డీ వేరే. రేటు పెరుగుతుందని ఆగిన ప్రతివాడూ నష్టపోయాడని నేను అనను, కొందరు లాభపడ్డారు. కానీ లాభపడినవాళ్లు ఆ మాట క్యాంపంతా చెబుతారు, నష్టపోయినవాళ్లు మా కౌంటర్ దగ్గర మాత్రమే చెబుతారు.

దినారు రేటు ఎలా తయారవుతుందో తెలిస్తే ఈ టెన్షన్ సగం తగ్గుతుంది. బోర్డు మీద కనిపించే అంకె వెనక రెండు రేట్లు ఉంటాయి. ఒకటి దినారుకు ఎన్ని డాలర్లు, దీన్ని కువైట్ సెంట్రల్ బ్యాంకు రోజూ తన బుట్ట లెక్కన చెబుతుంది. ఏళ్ల తరబడి డాలరుకు 300 నుంచి 310 ఫిల్సుల మధ్యే తిరుగుతోంది, అంటే అది దాదాపు కదలదు. రెండోది డాలరుకు ఎన్ని రూపాయలు. కదిలేది అదే. డాలరుకు 307 ఫిల్సులైతే దినారుకు 3.257 డాలర్లు. డాలరు 83 రూపాయలైతే గుణించి చూడు, 270 చిల్లర. అందులో ఎక్స్ఛేంజి వాళ్లు కొన్ని పైసలు తగ్గించి బోర్డు మీద పెడతారు, పైన ఛార్జీ వేరే. కాబట్టి నువ్వు చూడాల్సింది దినారును కాదు, డాలరు–రూపాయిని.

"చమురు ధర పెరిగింది కాబట్టి దినారు పెరిగింది" అని రూమ్‌లో ఎవరైనా అంటే, ఫలితం నిజమే గానీ కారణం తప్పు. చమురు పెరిగినా దినారు ఉన్నచోటే ఉంటుంది. మనం వాడే ముడి చమురులో ఎనభై శాతానికి పైగా దిగుమతి చేసుకునేదే, దానికి డాలర్లు కావాలి, రూపాయి తగ్గుతుంది. పల్లం దిగిన మనిషికి గట్టు ఎత్తుగా కనిపించినట్టు, మనం దిగితే దినారు ఎక్కినట్టు కనిపిస్తుంది.

రూపాయి ఎందుకు ఇలా దిగుతూనే ఉంది అంటావా? 1966, 1991 లాంటి పెద్ద దెబ్బల గురించే అందరూ మాట్లాడతారు. లెక్క వేసి చూస్తే పెద్ద భాగం నెమ్మదిగా జరిగిందే. 13⅓ నుంచి 270 అంటే ఇరవై రెట్లు, అరవై మూడేళ్లలో. చక్రవడ్డీ లెక్కన ఏడాదికి అయిదు శాతం కంటే కొంచెం తక్కువ. మన దగ్గర ధరలు వాళ్ల దగ్గర కంటే ఏటా ఆ కొంచెం ఎక్కువ పెరుగుతూ వచ్చాయి, నోటు ఆ తేడాను మోసుకుంటూ వచ్చింది. నా ఉద్దేశంలో ఇది అవమానం కాదు, ధరల చిట్టా. రాజంపేటలో కాఫీ ధర కూడా ఆ అరవై ఏళ్లలో ఏమీ ఊరుకోలేదు కదా. అందుకే రేటు పెరిగిందని పండగ చేసుకునే ముందు, ఆ రూపాయలతో ఇంటి దగ్గర ఎన్ని సిమెంటు బస్తాలు వస్తాయో కనుక్కో. నేను 1990ల చివర్లో పంపిన నూరు దినార్లకు వచ్చిన ఇటుకలు, ఈరోజు నూరు దినార్లకు రెట్టింపు కూడా రావు. రూపాయలు మాత్రం దాదాపు రెట్టింపయ్యాయి.

నీ పొదుపు సంగతి. ఇంటి దగ్గర వడ్డీ అప్పు ఉంటే ఆ అప్పుకు సరిపడా ఈ శుక్రవారమే పంపేయి, రేటు చూడకు. నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి ఇరవై నాలుగు శాతం. రూపాయి ఏ మామూలు ఏడాదిలోనూ అంత పడదు. అప్పు లేకపోతే మిగతాది మూడు నాలుగు ముక్కలు చేసి నెలకొక ముక్క పంపు, కొంచెం అటూ ఇటూ సగటు రేటు వస్తుంది. పంపే ముందు రెండు మూడు చోట్ల "లక్షకు ఎన్ని దినార్లు, ఛార్జీతో కలిపి" అని అడుగు. రేటు ఎంత అని అడిగితే ఛార్జీ దాస్తారు, లక్షకు ఎంత అంటే దాచడానికి చోటు ఉండదు. కౌంటర్ అవతల ఇరవై ఏళ్లు కూర్చున్నవాడిగా చెబుతున్నా.

నోటు సంగతి మర్చిపోయాననుకోకు. పెట్టెలో పెట్టినట్టే ఉంచు. ఇస్త్రీ చేయొద్దు, లామినేషన్ అసలు చేయించొద్దు, మడత ఉంటే ఉండనీ. ప్లాస్టిక్ కవరు కాదు, మంచి కాగితం మధ్య పెట్టు. పాత నోట్లు కొంటానని వచ్చేవాడు మొదట అయిదు వందలు అంటాడు, ఇవ్వకు. జెడ్ నోటు పాత నాణేలవాళ్ల దగ్గర ముఖవిలువకు ఎన్నో రెట్లు పలుకుతుంది. హైదరాబాద్‌లో నాణేల ప్రదర్శనలు జరుగుతుంటాయి, ఈసారి సెలవుకు వచ్చినప్పుడు పట్టుకెళ్లి ఇద్దరు ముగ్గురికి చూపించు. అమ్మేముందు ఒకసారి దాని వెనక వైపు చూడు, మీ జేజినాయన పెన్సిల్‌తో ఏమైనా రాసుకున్నాడేమో. ఓడల మీద తిరిగేవాళ్లకు లెక్కలు నోటు మీదే రాసుకునే అలవాటు ఉండేది, మా మామ దినార్ల మీద కూడా అలాగే ఉండేవి.